సునీతగారి లాయరమ్మ

మా లాయరమ్మ చనిపోయింది. ఈ మాట రాసి చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల తెలుగు వాక్యాలు దిద్దినదాన్ని. ఇందులో దిద్దడానికి ఏమీ లేదు. అయినా ఎక్కడో తప్పు రాసినట్టే ఉంది.

ఆ రోజు మంగళవారం. వరండాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్నాను. మా అమ్మాయి సునీత పక్కన కూర్చుని కాడలన్నీ ఒకవైపు పేరుస్తోంది. ఫోను మోగింది. లాయరమ్మ దగ్గర జూనియరుగా ఉన్న షకీలా. “ఆంటీ, మేడం లేదు” అంది. కోర్టుకు వెళ్ళిందేమో అనుకున్నాను. పరవాలేదులేమ్మా, సాయంత్రం నేనే చేస్తాను అన్నాను.  ఆ పిల్ల మళ్ళీ అంది. “మేడం లేదాంటీ. పోయింది.”

నేను అప్పుడు కూడా, ఎక్కడికి పోయింది అని అడిగాను. ఆ పిల్ల ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

పిలుపు కోసం ఎదురుచూస్తూ కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుందట. ఒళ్ళో కాగితాల కట్ట ఉందట. దాహంగా ఉంది, కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు షకీలా అందట. సీసా తెచ్చేసరికి తల గోడకు ఆన్చి ఉంది. నిద్ర పట్టిందేమో, లేపాలా వద్దా అని ఆ పిల్ల ఒక్క క్షణం ఆగిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. యాభై ఇంకా నిండలేదు. ఒక రోజు జ్వరమని పడుకోగా మేమెవరం చూడలేదు. ముందు రోజు సాయంత్రమే మా ఇంటికి ఫోను చేసి మాట్లాడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ పొసగడం లేదు.

నా కంటే చాలా చిన్నది. బతికుండగా మీరు అంటే ఒప్పుకునేది కాదు. అందుకే ఇక్కడ కూడా ఏకవచనంలోనే రాస్తున్నాను.

ఆమె సొంతూరు మనుబోలు. తండ్రి వరి పండించిన రైతు, ఎప్పుడో పోయాడు. తల్లితోనూ తమ్ముడి కుటుంబంతోనూ కలిసి ఉంటూ రోజూ బస్సులో నెల్లూరు వచ్చేది. పెళ్ళి చేసుకోలేదు. కోర్టుకు దగ్గర్లో ఒక మేడ మీద గది ఆమె ఆఫీసు. వీలునామాలు, భాగపంపకాలు, వారసత్వం తగాదాలు, ట్రస్టులు, ఇవే ఆమె చూసేది. హత్య కేసులూ విడాకులూ ముట్టేది కాదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు కొట్టుకోకుండా ఉంటే అదే నా గెలుపు అనేది.

ఆమె దగ్గరికి మేము ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా సునీతకు ముప్పై దాటాయి. పుట్టినప్పుడే డాక్టర్లు డౌన్ సిండ్రోమ్ అన్నారు. అంటే బుద్ధి నిదానంగా ఎదుగుతుంది, కొన్ని ఎప్పటికీ ఎదగవు. తన పనులు తాను చేసుకుంటుంది, వంటింట్లో సాయం చేస్తుంది, పక్కింటి పుష్ప దగ్గర కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతుంది. బస్సెక్కి ఒంటరిగా వెళ్ళలేదు, డబ్బు సంగతి తెలియదు. మాకు తోటపల్లి గూడూరు మండలంలో ఇల్లూ, మామగారిచ్చిన కొంత పొలమూ ఉన్నాయి. పొలం రొయ్యల గుంటకు కౌలుకిచ్చాం. మా ఆయన కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. మా అబ్బాయి దానియేలు సునీత కంటే పెద్దవాడు. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం, భార్యతో అక్కడే కాపురం.

ఒక ఏడు మా ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు, నేనూ ఈయనా లేకపోతే ఈ పిల్ల సంగతేమిటి అని మొదటిసారి నిలబెట్టి ఆలోచించాను. అంతకు ముందు ఆ ఆలోచన వస్తే ప్రార్థన చేసుకుని పక్కకు నెట్టేదాన్ని. చుట్టాలను అడిగితే తలా ఒకటి చెప్పారు. ఏదైనా హోములో చేర్చమన్నారు కొందరు. నా పేరున రాయండి, నేను చూసుకుంటాను అన్నాడు మరిది. దస్తావేజులు రాసే ఆయన, ఆస్తంతా కొడుక్కి రాసి, చెల్లెల్ని పోషించవలెను అని ఒక్క వాక్యం కలిపితే సరిపోతుందన్నాడు. మా ఆయనకు అది నచ్చింది. ఆ పని మీదే నెల్లూరు బయలుదేరుతుంటే, నాతో పనిచేసిన ఒక టీచరు, ముందు ఈ లాయరమ్మను కలవండి అని చెప్పింది.

మేడ మెట్లెక్కి లోపలికి వెళ్ళాం. ఆమె లేచి నిలబడి, మమ్మల్ని కాదు, సునీతను చూసింది. మీ పేరేంటండీ అని అడిగింది. సునీత నా వంక చూసింది. ఎవరు ఏం అడిగినా జవాబు నేను చెప్పడం మా ఇంటి అలవాటు. నేను నోరు తెరవబోతే ఆమె నా వైపు చూడకుండానే చెయ్యి కాస్త ఎత్తింది. ఆగాను. కాసేపటికి సునీత తన పేరు తానే చెప్పింది.

“సునీతగారూ, రండి, ఇక్కడ కూర్చోండి” అంది లాయరమ్మ.

మా అమ్మాయిని గారు అన్న మొదటి మనిషి ఆమె. ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంకెవరూ అనలేదు. అప్పటినుంచి ఎవరు పేరడిగినా మా అమ్మాయి సునీతగారు అనే చెబుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. దానికేమీ పట్టదు.

మా ఆయన సంచిలోంచి కాగితాలు తీసి సర్వే నంబర్లు చెప్పడం మొదలుపెట్టాడు. “సర్వే నంబర్లు యాడికీ పోవు సార్. ముందు మనిషి గురించి చెప్పండి” అంది. ఏం తింటుంది, ఎన్నింటికి పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెబుతుంది, ఇవీ ఆమె అడిగినవి. ఉరుములంటే భయమని చెప్పాను. చింతకాయ పచ్చడంటే ఇష్టమని చెప్పాను. ఏది ఇష్టం లేదు అని అడిగింది. నాకు ఏమీ తోచలేదు. సునీతే చెప్పింది, తలకు నూనె అని. పొద్దున్నే దాన్ని కూర్చోబెట్టి నూనె రాసి దువ్వి జడ వేయడం ఇన్నేళ్ళుగా నేను ముద్దుగా చేస్తున్న పని. లాయరమ్మ నవ్వలేదు. తలూపి, తన కాగితం మీద అది కూడా రాసుకుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు అడిగిన ప్రశ్నకు మాత్రం నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆమె తన కుర్చీని సునీతకు ఎదురుగా లాక్కుని, మామూలు గొంతుతో, అమ్మా నాయనా లేని రోజు ఒకటి వస్తుంది, అప్పుడు మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అని అడిగింది. దాని ముందు మేము చావు మాట ఎత్తిన వాళ్ళం కాదు. టీవీలో శవం కనిపిస్తే చానల్ మార్చేవాళ్ళం. ఇదేం పద్ధతమ్మా అన్నాను. 

“తాత మాదిరి పోతారా?” అంది సునీత. నన్ను కాదు, ఆమెను.

“అవును సునీతగారూ. తాత మాదిరే.”

సునీత కాసేపు వేళ్ళు విరుచుకుంది. తర్వాత ఒకదాని వెంట ఒకటి చెప్పింది. “మా ఇంట్లోనే ఉంటా. పుష్పక్క వచ్చి పడుకుంటాది. అన్న ఆదివారం రావాల.” కొంచెం ఆగి ఇంకొకటి చెప్పింది. “తాళం నా దగ్గర ఉండాల.”

ఇదంతా అది ఎప్పుడు ఆలోచించుకుందో నాకు తెలియదు. మేము చానళ్ళు మారుస్తుంటే అది పక్కన కూర్చుని తన రేపటి సంగతి తాను చూసుకుంటోంది. నేను మళ్ళీ కూర్చున్నాను. లాయరమ్మ నాకు మంచినీళ్ళు ఇచ్చి, ఇక మనం పని మొదలుపెట్టొచ్చు అంది.

ఆమె చెప్పిన పద్ధతి ఇది. ఇల్లూ పొలమూ ఎవరి పేరునా రాయకుండా సునీత కోసమని ఒక ట్రస్టులో పెట్టాలి. మేమున్నన్నాళ్ళు మేమే చూసుకుంటాం. మా తర్వాత ముగ్గురు మనుషులు కలిసి చూడాలి, ఒక్కరి చేతిలో ఉండకూడదు. కౌలు డబ్బు సునీత బాగోగులకే ఖర్చు కావాలి, లెక్క ఒకరికొకరు చూపించుకోవాలి. ఇల్లు అమ్మడానికి ఎవరికీ వీల్లేదు. ఆ ముగ్గురిలో మొదటివాడు దానియేలు, రెండో మనిషి పుష్ప. పుష్ప భర్త పోయాక మిషను కుట్టుకుని బతుకుతున్న మనిషి. సునీత తన పేరు చెప్పిందని తెలిసి, నన్నా, నిజంగా నన్నే చెప్పిందా అని పదేపదే అడిగింది. కాగితాలంటే మాత్రం భయపడింది. భయపడేవాళ్ళే నాకు కావాలి, తొందరగా సంతకం పెట్టేవాళ్ళంటే నాకు దడ అంది లాయరమ్మ.

చిక్కంతా మా అబ్బాయి దగ్గర వచ్చింది. ముసాయిదా చదివే రోజు దానియేలును పిలిచాం. రెండు పేజీలు విన్నాడు. ముఖం ఎర్రబడింది. “నా చెల్లెల్ని నేను చూసుకునేదానికి కాగితం కావాల్నా? పక్కన ఇంకో ఇద్దరు కావలి ఉండాల్నా?” అన్నాడు. నాన్న వైపు చూసి, నా మీద ఇంతేనా నీ నమ్మకం అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన ఆదివారం ఇంటికి రాలేదు. మా ఆయన చిన్నబోయాడు. ఇదంతా వద్దు, కన్నకొడుకును పోగొట్టుకుని ట్రస్టు పెట్టుకుంటామా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఫోను చేసి ఆపేయమ్మా అని చెప్పాను. సరేనమ్మా అంది, అంతే.

కానీ ఆ వారంలోనే ఆమె బస్సెక్కి కృష్ణపట్నం వెళ్ళి దానియేలును కలిసిందని తర్వాత తెలిసింది. వాడు మా ఇంటికి వచ్చి, ట్రస్టే పెట్టండి అన్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారని ఆమెను అడిగాను. అది దానియేలు చెప్పాల్సింది, నేను చెప్పేది కాదు అంది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

మూడో మనిషి ఎవరన్నది మిగిలింది. మా ఆయన ఆమెనే ఉండమని అడిగాడు. ససేమిరా అంది. నేను రాసిన దస్తావేజులో నేనే ట్రస్టీగా ఉంటే నా మాట మీద మీకు అనుమానం వచ్చిన రోజు ఎవరిని అడుగుతారు, వేరే లాయరుకు ఇది చూపించి రండి అంది. చూపించి వచ్చాం. అప్పుడు కూడా చాలా రోజులు తిప్పింది. చివరికి సునీత ఒక్కసారి అడిగితే ఒప్పుకుంది. ఈ పనికి డబ్బు తీసుకోననీ, తన పేరు పక్కన ఇంకో పేరు రాయాల్సిందేననీ షరతు పెట్టింది. ఇంకో పేరెందుకని అడిగాడు మా ఆయన.

“నేను ముందు పోతే?” అంది.

మా ఆయనకు కోపం వచ్చింది. “నువ్వు మా కంటే ఇరవై ఏళ్ళు చిన్నదానివి. అట్టాంటి మాట ఎందుకమ్మా నోట్లో నుంచి?” అన్నాడు. ఆమె నవ్వింది. పేరు రాయకపోతే నేను కలం ముట్టను సార్, పోయేదానికి వరస ఉందని మీకు ఎవరు చెప్పారు అంది. దానియేలుకూ పుష్పకూ కూడా అలాగే బదులు పేర్లు రాయించింది. తన బదులు ఎవరుండాలో మాత్రం మమ్మల్ని అడగలేదు, సునీతను అడిగింది. సునీత గది చుట్టూ చూసి, మూలన ఫైళ్ళు సర్దుతున్న షకీలాను చూపించింది. షకీలా అప్పటికి నల్లకోటు వేసుకుని ఎన్నో నెలలు కాలేదు. బిత్తరపోయింది. ఎందుకు ఆ అమ్మి అని లాయరమ్మ అడిగితే, నవ్వుతాది అంది సునీత. అది కారణం కాదని మా ఆయన గొణిగాడు. లాయరమ్మ షకీలాను, నీకు ఇష్టమేనా, ఆలోచించుకుని రేపు చెప్పు అంది. మర్నాడు చెప్పాకనే రాసింది.

దస్తావేజు అంతా తెలుగులో రాసింది. రిజిస్ట్రేషనుకు ముందు అందరినీ కూర్చోబెట్టి పైకి చదివింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటే పైకి నెట్టుకుంటూ, ఒక్కో వాక్యం దగ్గర ఆగి, అర్థమైందా అని కాక, ఇప్పుడు నేనేం చదివానో మీ మాటల్లో చెప్పండి అని అడిగేది. తాళం గురించిన వాక్యం వచ్చింది. ఇంటి తాళంచెవి ఎల్లప్పుడూ సునీత వద్దనే ఉండవలెను. సునీత మళ్ళీ చదవమంది. చదివింది. ఇంకోసారి అంది. ఇంకోసారి చదివింది. కోర్టుకు వేళ అవుతోందని షకీలా గడియారం చూస్తోంది. ఆమె ఏమీ తొందరపడలేదు.

ఆమె ఋషి ఏమీ కాదు. కోపం వచ్చేది. ఒక కాగితం తేవడానికి మా ఆయన బద్ధకించి వాయిదాలు వేస్తే, మీరు బద్ధకిస్తే ఆ అమ్మాయికి రేపు దిక్కెవరని అందరి ముందూ దులిపేసింది. నెల్లూరు మనిషై ఉండి చేపల వాసన పడేది కాదు. మధ్యాహ్నం మజ్జిగన్నం కారియరు ఎక్కడో మరిచిపోయి, వచ్చిన వాళ్ళను అరటిపళ్ళు అడిగి తినేది. కానీ ఆ గదిలో ఎవరినీ ‘నా కేసు’ అనగా నేను వినలేదు. మనుబోలు దగ్గరి పెద్దాయన, మైపాడు వైపు నుంచి వచ్చిన అక్క, ఇలాగే చెప్పేది.

రిజిస్ట్రేషను అయ్యాక మా పని అయిపోయిందనుకున్నాం. ఆమె అనుకోలేదు. సోమవారం సాయంత్రాలు బస్సు దిగి ఇంటికి నడుస్తూ మా ఇంటికి ఫోను చేసేది. మాతో మాట్లాడటానికి కాదు.

“సునీతగారూ, తాళం ఉండాదా?”

“ఉండాది.”

అంతే సంభాషణ. సునీత వెంటనే ఫోను పెట్టేసేది. అలా పెట్టేయకూడదమ్మా అని చెబితే, అడిగింది చెప్పినా కదా అనేది. ఆ సోమవారం కూడా అంతే జరిగింది. ఆ తర్వాత ఒక నిమిషం నేను ఫోను తీసుకుని మాట్లాడాను. ఎండలు మండిపోతున్నాయి, నీళ్ళు తాగుతూ ఉండండి అని ఆమె నాకు చెప్పింది. తెల్లారి మంగళవారం.

ఫోను కింద పెట్టాక సునీతకు ఎలా చెప్పాలో తెలియలేదు. మంచి మాటల కోసం వెతికాను. నా మొహం చూసి అదే అడిగింది. లాయరమ్మ పోయిందమ్మా అన్నాను. తాత మాదిరా అంది. అవునన్నాను. గోంగూర కాడలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఏడవలేదు. చాలాసేపటికి, “సోమవారం ఎవరు చేస్తారు?” అంది. 

మర్నాడు పొద్దున దానియేలు కారు మాట్లాడుకుని వచ్చాడు. పుష్పతో కలిసి అందరం మనుబోలు బయలుదేరాం. దారి పొడవునా మా ఆయన ఒకటే మాట. “మనం కదా ముందు. వరసలో మనం కదా ముందు.” ఎవరికీ చెప్పడం లేదు, అద్దంలోంచి బయటకు చూస్తూ అంటున్నాడు. ఆ దస్తావేజులో ప్రతి పేజీ మేము పోయాక అనే మొదలవుతుంది. మేము పోవడం గురించి అందరం అంతగా మాట్లాడుకున్నాం. మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని మా చావు గురించి అంత నెమ్మదిగా మాట్లాడిన మనిషి, మేము బతికుండగానే లేదు.

హైవే మీదికి వచ్చాక దానియేలు తనంతట తానే చెప్పాడు. ఆ రోజు పోర్టు గేటు బయట టీ కొట్టు దగ్గర ఆమె తన కోసం చాలాసేపు ఎండలో నిలబడి ఉందట. కోపంగానే వెళ్ళాడట. ఆమె ట్రస్టు మాటే ఎత్తలేదు. “నీ చెల్లెలికి ఏం కావాలో నాకు తెలుసు. నీకేం కావాలో చెప్పు నాయనా” అందట.

“చిన్నప్పటి నుంచి అందరూ నువ్వుండావు కదా, నువ్వుండావు కదా అనేవాళ్ళేమ్మా” అన్నాడు నాతో. “నాకేం కావాలని ఎవరూ అడగలా. ఆమె అడిగింది. నాకు భయం మేడం అన్నా. నాకేమన్నా అయితే దాని గతేందని, పెళ్ళి కాకముందు నుంచీ అదే భయం. బండి మీద పోయేటప్పుడు కూడా అదే.”

నేను వెనక సీట్లో కూర్చున్నాను. వాడి మెడ వెనక భాగం మాత్రం నాకు కనిపిస్తోంది. ముప్పై ఏళ్ళు దాటిన కొడుకు, నేను కన్నవాడు, ఈ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆమె ఏమందిరా అన్నాను.

“ఆ భయం నువ్వొక్కడివే మోయొద్దు, కాగితంలో పెడదాం, కాగితాలు ఉండేది అందుకే అనింది.”

మా ఆయన అద్దంలోంచి చూపు తిప్పి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. 

మనుబోలులో ఆ ఇంటి ముందు అంత జనం ఉంటారని నేననుకోలేదు. నల్లకోట్లవాళ్ళు ఒకవైపు ఉన్నారు. మిగతా అంతా మాలాంటివాళ్ళే. ముసలివాళ్ళు, తెల్ల చీరలవాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు. ఒకరినొకరం ఎరగం, కానీ ఎందుకు వచ్చామో అడగనక్కర్లేదు. ఆమె ముఖం మామూలుగానే ఉంది. ముక్కు మీద కళ్ళద్దాల నొక్కులు ఇంకా పోలేదు. నేను ఆ నొక్కులను చూడలేక పక్కకు వచ్చేశాను.

మగవాళ్ళు శ్మశానానికి వెళ్ళాక ఆడవాళ్ళం లోపల కూర్చున్నాం. ఆమె తల్లి గోడకు ఆనుకుని ఉంది. ముందు రోజు నుంచీ మెతుకు ముట్టలేదని కోడలు చెప్పింది. ఏడుపు కూడా రావడం లేదు. ఎదురుగా ఉన్న నన్ను చూస్తూ, ఎప్పటినుంచో తెలిసినదానిలా చెప్పుకొచ్చింది.

“తనది కూడా రాసి పెట్టుకున్నాదమ్మా. పుస్తకాలు ఎవరికి, నా మందులు ఎవరు చూడాల, అన్నీ. పోయినేడు కూచోబెట్టి చదివి వినిపించినాది. నేను తిట్టినా. చెవులు మూసుకున్నా. ఇప్పుడు మళ్ళీ చదవమంటే ఎవరు చదువుతారు?”

 తన దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ మెల్లగా నచ్చజెప్పి కూర్చోబెట్టి వినిపించిన మనిషి తనది చదివితే, సొంత తల్లి చెవులు మూసుకుంది. నేనైనా అదే చేసేదాన్ని.

షకీలా వరండాలో స్తంభం దగ్గర నిలబడి ఉంది. నల్లకోటు విప్పి చేతి మీద వేసుకుంది. నేను దగ్గరికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది. నీళ్ళు తెచ్చాక ఒక్క క్షణం ఆగకుండా ఉంటే బతికేదేమో అంది. లేదమ్మా, గుండె ఒక్కసారిగా ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు కదా అన్నాను. ఆ పిల్ల విన్నదో లేదో. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

“ఆంటీ, దస్తావేజులో మేడం తర్వాత నా పేరుండాది” అంది. “రాసేటప్పుడు, ఇది ఉట్టిదేలే, మేడం ఉంటాది కదా అనుకున్నా. నాకు మేడం అంత తెలీదు. కానీ నేనుంటా ఆంటీ. మీ తర్వాత సునీతగారికి నేనుంటా.”

ఆ పిల్ల గారు అన్నదని నాకు కాసేపటి తర్వాత గానీ తట్టలేదు. అంతవరకూ సునీతక్క అనేది.

షకీలా తర్వాత మా ఇంటికి రెండుసార్లు వచ్చింది. దానియేలుతోనూ పుష్పతోనూ కూర్చుని దస్తావేజు మొత్తం మళ్ళీ చదివారు. లాయరమ్మ పేరున్న చోట ఎవరూ ఆగలేదు, కానీ అందరి గొంతులూ తగ్గాయి. ఏ అడ్డంకీ రాలేదు. ఆమె రాసినట్టే, ఆమె లేకుండానే అది నడుస్తోంది. దానికి సంతోషించాలని తెలుసు. ఇంకా సంతోషం రాలేదు. నమ్మకమే రాలేదు. ఎవరైనా ఆస్తి విషయం అడిగితే, మా లాయరమ్మ ఉంది, ఆమెను కలవండి అని ఇప్పటికీ నోటికి వచ్చేస్తోంది.

ఆ రోజు సాయంత్రం మనుబోలులో మగవాళ్ళు స్నానాలు చేసి తిరిగొచ్చారు. పొద్దు వాలుతోంది. జనం పలచబడ్డారు. ఇక బయలుదేరదాం అన్నాడు దానియేలు. సునీత కోసం చూస్తే కనపడలేదు. లోపలి గదిలోకి వెళ్ళాను. ముసలావిడ గోడకు ఆనుకునే ఉంది, కళ్ళు మూసుకుని. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఊపిరి నెమ్మదిగా వస్తోంది. రెండు రోజుల మీద అప్పుడే నిద్ర పట్టినట్టుంది. సునీత పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దాని చెయ్యి ఆవిడ చేతుల్లో ఉంది.

పోదాం రా అని సైగ చేశాను. సునీత కదల్లేదు. రెండో చేతి వేలు పెదాల మీద పెట్టి చూపించింది.

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. కాసేపటికి పుష్ప వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత మా ఆయన, దానియేలు వచ్చి వరండాలో చాప మీద చేరారు. బయట షామియానా వాళ్ళు కర్రలు చప్పుడు కాకుండా ఒక్కొక్కటే దించుతున్నారు. హైవే మీద లారీలు పోతున్నాయి. గదిలో చీకటి పడుతున్నా ఎవరమూ లైటు వెయ్యలేదు. సునీత వీపు నిటారుగా పెట్టి, చెయ్యి కదలకుండా, ఆవిడ మొహం వంకే చూస్తూ కూర్చుని ఉంది.